మా పిల్లి పట్టని ఎలుకలు

నాకు ఎలుకలంటే భయం లేదు, అసహ్యం కూడా లేదు. ఉన్నది పగ. మాది మగ్గం నేసేవాళ్ల ఇల్లు. గంజి పెట్టి ఆరేసిన పడుగును ఎలుక ఒక్కచోట కొరికితే చాలు, తెగిన పోగులన్నీ అతికేదాకా ఇంట్లో మగవాళ్ల నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. మా అమ్మ చీపురుకట్ట తిరగేసి ఒక్క దెబ్బ వేసేది. తోక పట్టుకుని పెంటకుప్ప మీద పారేసి, చేతులు కడుక్కుని, మళ్లీ కండెలు చుట్టడానికి కూర్చునేది. ఇందులో పాపమెంత పుణ్యమెంత అని ఎవరూ లెక్కలేసేవాళ్లు కాదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, అమీర్‌పేటలో ఒక పిల్లి తిండిని కాపాడుకోలేక ఎలుకల ముందు నవ్వులపాలయ్యాను.

మేముండేది కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మొదటి అంతస్తులో. కింద ఇంటామె. పైన ఆడపిల్లల హాస్టల్. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, హాస్టల్ పిల్లల కుర్తాలు బిగించి ఇస్తాను. మా ఆయన పంజాగుట్టలో ఒక చీరల షాపులో సేల్స్‌మన్. పొద్దంతా వచ్చినవాళ్లకల్లా నవ్వుతూ చీరలు విప్పి చూపిస్తాడు కాబట్టి ఇంటికొచ్చాక నవ్వడానికి ఆయన దగ్గర ఏమీ మిగలదు.

ఇక పిల్లి. మునుపటి ఇంట్లో ఉన్నప్పుడు కత్తిరింపు ముక్కలు వేసుకునే బుట్టలోకి కూనగా వచ్చి పడుకుంది. మళ్లీ లేచి పోలేదు. బూడిద రంగు, ఒక చెవి చీలి ఉంటుంది. మిషను తొక్కుతుంటే నా కాలి పక్కనే ఉండేది. ఆ ఇంట్లో నేను మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోకుండా వినేది అదొక్కటే. దానిమీద నాకు ప్రాణం. ఇందులో దాచుకునేదేమీ లేదు.

ఈ ఇల్లు అడగడానికి వచ్చిన రోజే బుట్టలో పిల్లిని చూసి ఇంటామె మొహం ముడుచుకుంది.

"పిల్లా? అద్దు బిడ్డా. పొద్దుగాల లేస్తె ఎదురొస్తది," అంది.

అప్పుడు మా ఆయన తన సేల్స్‌మన్ నాలుక బయటికి తీశాడు. "పెద్దమ్మా, మీ ఇంట్ల ఎలుకలున్నయంటిరి గదా. గీ పిల్లి ఉంటె ఎలుక అన్నది కంటికి కనబడదు. సూడున్రి మీరే."

పైన హాస్టల్ మెస్సు పుణ్యమా అని ఆ ఇంట్లో ఎలుకలకు కొదవలేదు. "సరే, ఎలుకల్ని పడితె ఉండనియ్యి. పట్టకుంటె నడువదు. గా దినమే బయటికి," అంది.

అలా మా పిల్లికి అమీర్‌పేటలో ఉద్యోగం వచ్చింది. అది మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఎలుకను పట్టలేదు. అప్పటికే ముసలిది, ముందు పళ్లు ఊడిపోయాయి. శ్రీనగర్ కాలనీలో పశువుల డాక్టరు దాన్ని చూసి, మూత్రపిండాలు బాగా లేవు, ఇక సంచీలో వచ్చే ఈ పిల్లి గింజలు తప్ప ఏమీ పెట్టకండి, పాలు కూడా వద్దు అని రాసిచ్చాడు. ఆ సంచీ ఖరీదు విని మా ఆయన, డాక్టరు మనిషికి రాశాడా పిల్లికి రాశాడా అని అడిగాడు. ఏమన్నా కానీ, ఆ తిండి ఉంటేనే పిల్లికి ప్రాణం, ఎలుకల్ని పడుతుందన్న పేరుంటేనే దానికి ఇల్లు. ఆ రెండూ నేనే చూసుకోవాలి.

వచ్చిన వారం తిరక్కముందే ఎలుకలు సంచీ కనిపెట్టాయి. సంచీ మూతి మడిచి బట్టల క్లిప్పు పెట్టాను. ఎలుక క్లిప్పు జోలికి పోలేదు, అడుగున కొరికింది. నేను పైన కాపలా కాస్తుంటే అది కింద నుంచి తోడుకుంది. తర్వాత మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ తెచ్చాను. మూత అంచును చుట్టూ కొరికి కొరికి తల పట్టేంత సందు చేసుకున్నాయి. అలమరలో పరిచిన కోచింగ్ సెంటర్ల కరపత్రాలను చింపి ఆ పక్కనే గూడు కూడా పెట్టుకున్నాయి. ఆ కోర్సులేవో చదివి ఉద్యోగాలకు పోతే పీడా పోయేది.

అప్పుడు మా ఊరి తెలివి బయటికి తీశాను. మా ఇంట్లో పాలూ పెరుగూ ఉట్టి మీదే ఉండేవి. గది మధ్యలో పైకప్పుకు ఖాళీగా ఉన్న కొక్కేనికి పాత చున్నీ ఉట్టిలా కట్టి, అందులో తిండి సంచీ పెట్టాను. హాస్టల్ నుంచి కుర్తా ఇవ్వడానికి వచ్చిన ప్రతి పిల్లా దాన్ని చూసి, "ఆంటీ, ఉయ్యాలా? ఎవరికి?" అని అడగడమే. పిల్లల్లేని ఇంట్లో ఆ మాట అడగకూడదని వాళ్ల కోచింగుల్లో నేర్పరు కాబోలు. పళ్లు కొరుక్కుని, "పిల్లికి" అనేదాన్ని. వాళ్లు నవ్వేవాళ్లు. ఇంత భరించినా దక్కిందేమీ లేదు. ఎలుక కరెంటు వైరు మీదుగా కొక్కేనికి చేరి, చున్నీ పట్టుకుని దర్జాగా దిగింది.

చివరికి బియ్యం పోసుకునే స్టీలు డబ్బా ఖాళీ చేశాను. మా అమ్మ ఇచ్చిన డబ్బా, మూత ఎంత బిగువంటే స్పూను పెట్టి లేపాలి. పిల్లి తిండి డబ్బాలోకి, బియ్యం గోనెసంచీలోకి పోయాయి. మర్నాటికి గోనెసంచీ కొరికి ఉంది.

"పిల్లికి స్టీలు డబ్బా, మనకు గోనెసంచా? మస్తున్నదే నీ న్యాయం," అన్నాడు మా ఆయన.

"నీకు బియ్యం పోతె గోధుమలుంటయి. దానికి గదొక్కటే తిండి," అన్నాను.

బియ్యం ఫ్రిజ్‌లోకి మార్చాం. ఫ్రిజ్‌లోంచి కూరగాయలు బయటికి వచ్చాయి. ఎలుకలు టమాటల మీద పడ్డాయి. ఒకసారి కస్టమర్ పట్టు జాకెట్ ముక్క అంచు కూడా కొరికాయి. అదే రంగు కోసం పంజాగుట్టలో ఉన్న షాపులన్నీ తిరిగి, ఆమెకు తెలియకుండా మార్చి కుట్టేసరికి తాతలు దిగొచ్చారు.

డబ్బా భద్రంగానే ఉంది. గిన్నె మాటేమిటి? పిల్లి ఒక్కసారిగా తినేది కాదు. రోజంతా రెండు రెండు గింజలు కొరుకుతుంది. గిన్నె తీసేస్తే అది పస్తుంటుంది, ఉంచితే ఎలుకలు తింటాయి. నేను మిషను మీద కూర్చుని ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను గిన్నె మీద పెట్టేదాన్ని. ఆ రోజుల్లో నేను కుట్టిన జాకెట్ల చేతులు చూసినవాళ్లు నన్ను క్షమించాలి.

మందు పెడదామన్నాడు మా ఆయన. మందు తిన్న ఎలుక పిల్లి గిన్నెలో చస్తే పిల్లి కూడా పోతుంది, వద్దన్నాను. జిగురు అట్ట తెచ్చాడు. దానికి పడ్డది ఒక్కటే, మా పిల్లి. తోకకు అట్ట అంటుకుని అది ఇల్లంతా పరిగెడుతుంటే వెంటపడి పట్టుకుని, పల్లినూనె రాసి రాసి వదిలించాను. నా చేతులన్నీ రక్కేసింది. ఆ అట్టను మా ఆయన మొహానికి అంటించాలన్నంత కోపం వచ్చింది నాకు.

ఇదంతా ఇంటామె కంట పడకుండా జరగాలి. కొరికిన సంచీ కింద చెత్తడబ్బాలో వేస్తే చూస్తుందని, షాపు కవరులో చుట్టి మా ఆయనతో పంజాగుట్ట పంపించి అక్కడ పారేయించేదాన్ని. ఆమె మెట్ల మీద కనబడితే తల వంచుకుని దాటేసేదాన్ని. ఆమె మాత్రం నన్ను చూసినప్పుడల్లా నవ్వేది.

"మంచి పిల్లి బిడ్డా నీది. కింద ఎలుకల పీడ పోయింది," అనేది.

ఎత్తిపొడుస్తోందేమో అనుకున్నాను మొదట్లో. కాదు, నిజంగానే మెచ్చుకుంటోంది. కింద ఎలుకలు లేకపోవడమేమిటి, పైన నాకు ఇన్ని ఉండడమేమిటి? సింకు కింద పైపు చుట్టూ ఇనుప పీచు కుక్కి సిమెంటు మెత్తాను. బాత్రూం కిటికీకి జాలీ కొట్టించాను. గోడలో సూది పట్టే సందు లేదు. అయినా ఎలుకలు వస్తూనే ఉన్నాయి. అదీ ఎక్కువగా పొద్దున పూట, నేను బజారుకు పోయి వచ్చేసరికి.

ఒక రోజు లైనింగు గుడ్డ కోసం పంజాగుట్ట బయల్దేరాను. మెట్రో మెట్లు ఎక్కుతుండగా రంగు చూసుకునే ముక్క ఇంట్లోనే మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. ఇంటి మెట్లు సగం ఎక్కాను కదా, పైన ఎవరో ఊసులాడుతున్నట్టు వినిపించింది. మా తలుపు ముందు ఇంటామె గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో ఎలుకల బోను. బోను మూతి మా తలుపు కింది సందుకు ఆనించి, వెనక నుంచి వేళ్లతో తడుతోంది.

"పో, పోవే. లోపట పిల్లి ఉన్నది, పో," అని బుజ్జగిస్తోంది.

ఎలుక పోయింది. నా కళ్లముందే, నా తలుపు కింద నుంచి, నా ఇంట్లోకి.

"ఏంది పెద్దమ్మా గిది?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తాపీగా లేచింది. "అచ్చినవా? నీ పిల్లికే తెచ్చిన. మస్తు బలిసినదిది."

"నా ఇంట్ల ఎలుకను ఇడుస్తున్నవా?"

"నేను చంపరాదు బిడ్డా. గీ ఇంటి కేసు గెలిస్తె గణపతి వాహనాన్ని ముట్టనని మొక్కుకున్న. బయట ఇడిస్తె మల్ల ఇంట్లకే వస్తయి. పిల్లయితె తింటది. చంపిన పాపం తింటె పోతదంటరు గదా, దానికి సుత పాపం లేదు."

"ఎప్పటిసంది?"

"మీరొచ్చిన కాన్నుంచి. ఇన్ని తెచ్చిన, ఒక్కటి మల్ల కిందికి రాలే. బంగారమసొంటి పిల్లి!"

ఎందుకొస్తాయి కిందికి? పైన డాక్టరు రాసిచ్చిన తిండి ఉంది. ఆమె వంటింట్లో ఏముంది, మాడిన జొన్నరొట్టె ముక్క తప్ప?

ఆ మాట గొంతు దాకా వచ్చింది. మింగాను. ఒక్క ఎలుకను కూడా మా పిల్లి పట్టలేదని చెప్తే పిల్లి ఆ రోజే బయటికి. చెప్పకపోతే ఎలుకలు రోజూ లోపలికి. మెట్ల మీద అలా నిలబడి నవ్వాను. అంత చేదు నవ్వు నా జన్మలో నవ్వలేదు.

సాయంత్రం మా ఆయనకు చెప్తే, "ఊకో. పిల్లి ఉండాల్నా అద్దా?" అన్నాడు. ఆయన ఎప్పుడూ ఇంతే, సర్దుకుపో అనడానికి ఒక కారణం దొరుకుతుంది.

తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించాను. దాంతో ఆమె దొంగతనంగా రావడం మాని బెల్లు కొట్టడం మొదలుపెట్టింది. "తలుపు తియ్యి బిడ్డా, పిల్లికి తిండి తెచ్చిన." చేసేది లేక బోను తీసుకుని, ఆమె దిగిపోయాక వీధి చివరకు పోయి వదిలేసేదాన్ని. నా కంటే ముందే అవి ఇంటికి చేరేవేమో కూడా.

ఒక రోజు ఆమె బోను నా చేతికివ్వలేదు. "ఇయ్యాల నేను సూస్త. ఎట్ల పడ్తదో సూడాలె," అంటూ లోపలికి వచ్చి, కస్టమర్ల కుర్చీలో కూర్చుంది. వద్దు పెద్దమ్మా, రక్తం చూడలేవు అన్నాను. పిల్లికి ఇప్పుడే కడుపు నిండింది అన్నాను. వినలేదు. వంగి బోను తలుపు ఎత్తింది.

ఎలుక బయటికి వచ్చి కాసేపు మీసాలు ఆడించింది. పిల్లి గిన్నె పక్కన పడుకుని ఉంది. ఒక కన్ను తెరిచింది. ఎలుక గోడ వెంట నడుచుకుంటూ, పరుగు కూడా కాదు, నడుచుకుంటూ గిన్నె దగ్గరకు వచ్చింది. మా పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, కొంచెం పక్కకు జరిగి దానికి చోటిచ్చింది. ఎలుక కరకర నమలసాగింది.

"గిదేంది?" అంది ఇంటామె.

"ముసలిది పెద్దమ్మా. పండ్లు లేవు."

"గిదా ఎలుకల్ని పట్టేది? మొగుడుపెండ్లాలు నాతోని ఝూట మాట్లాడిన్రు. పిల్లి పోవాలె. చవితి లోపట పోవాలె."

ఇన్నాళ్లు మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "ఎలుకల్ని మోసుకొచ్చి నా గడపల పోసి, నన్ను ఝూటంటవా? నీ మొక్కు నువ్వు కాపాడుకో, మా ఇంటి మీద పోసుడేంది? నా బియ్యం పాయె, నా బట్టలు పాయె, నా పిల్లి తిండి పాయె. పుణ్యం నీకు, పాపం నా పిల్లికా? నీ దేవుడు గంత కండ్లు మూసుకుని కూసున్నడా?"

హాస్టల్ పిల్లలు మెట్ల మీద గుమిగూడారు. ఆమె అంతా విని, కొంగు సర్దుకుంది. "ఇల్లు నాది," అంది.

ఈ మాటకు అమీర్‌పేటలో జవాబు లేదు. పిల్లి ఉందంటే మాకు ఇంకో ఇల్లు ఎవరూ ఇవ్వరని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. పిల్లి అప్పటికి మళ్లీ పడుకుంది. దాని మొహం చూసేసరికి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓడిపోయినట్టే అని మాట మార్చాను.

"సరే, పిల్లి పోతది. మరి నీ ఎలుకల్నెవరు చంపుతరు?"

ఆమె వంగి ఖాళీ బోను చేతిలోకి తీసుకుంది. దాని గురించి ఆలోచించలేదని తెలుస్తూనే ఉంది.

"నేను చంపుత," అన్నాను. "బోను నా చేతికియ్యి. పిల్లి మాత్రం ఉంటది."

"పాపం నీకే మరి."

"నాకే."

"నువ్వు తినవు గదా బిడ్డా. తినకుంటె పాపం పోదు."

"పోకుంటె ఉండనియ్యి."

ఆమె మొహంలో భారం దిగినట్టు ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగును చూసి నాకు ఇంకా మండింది. ఖాళీ బోను పట్టుకుని కిందికి దిగిపోయింది.

ఆ రోజు నుంచి పిల్లి ఉద్యోగం నాది. బోను రావడం, బాత్రూంలో బకెట్ నిండా నీళ్లు పట్టడం, బోనును ముంచి పట్టుకోవడం, కవరులో చుట్టి చెత్తబండికి వేయడం. మొదట ముంచింది మా ఇంట్లోనే బోను పెట్టి పట్టినదాన్ని. దాని మూతికి ఇంకా పిల్లి తిండి పొడి అంటుకుని ఉంది, నాకేం జాలి కలగలేదు. కానీ పగతో చంపడం వేరు, పనిగా చంపడం వేరు. కొన్నాళ్లకు నా పగ అరిగిపోయింది. చిన్నప్పటి నుంచి దాచుకున్న పగ, ఎలుకల మీద ఒక్క చుక్క మిగల్లేదు. ఉన్నదంతా కింది ఇంటి మీదికి మళ్లింది. అన్నం తినేముందు చేతులు రెండు మూడుసార్లు కడుక్కునేదాన్ని. మా ఆయన చూసి చూడనట్టు ఊరుకునేవాడు. ఇంట్లో ఎలుకలు తగ్గాయి. పిల్లి తిండి పిల్లే తింటోంది. ఒళ్లు కాస్త నిగనిగలాడింది కూడా.

వినాయక చవితి వచ్చింది. ప్రతి ఏడూ ఇంటామె పూజకు ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరినీ పిలుస్తుందట. హాస్టల్ పిల్లలు ఉన్న ఒక్క పట్టుచీరా కట్టుకుని బిలబిలమంటూ మెట్లు దిగారు. ఆ వారమంతా వాళ్ల జాకెట్లు కుట్టీ కుట్టీ నా నడుం పడిపోయింది. నేను కూడా తలంటుకుని, చీర కట్టుకుని కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. కింద కథ చదువుతున్న గొంతు వినిపిస్తోంది. ఆ పూజలో ఉన్న జాకెట్లన్నీ నేను కుట్టినవే, నేను మాత్రం లేను. చీర విప్పేద్దామా వద్దా అనుకుంటూ అలాగే కూర్చున్నాను.

పూజయ్యాక బెల్లు మోగింది. ఇంటామె. ఒక చేతిలో కుడుముల పళ్లెం. పిల్లికి బిచ్చం పెట్టని మనిషని సందులో అందరూ ఆమె గురించి చెప్పుకుంటారు. ఆ పళ్లెం తెచ్చి నా చేతికివ్వకుండా గడప లోపల నేల మీద పెట్టింది.

"గిది పిల్లికి," అంది. "పాపం, గదేం చేసింది? ఒక్క ఎలుకను సుత ముట్టలే."

"మరి నాకు?"

"నీకెట్లిస్త బిడ్డా? చవితి దినం, నీ చేతులకు పాపమున్నది. ఏమనుకోకు." కోపంగా కాదు, నా మంచికే చెప్తున్నట్టు అంది.

రెండో చేతిలో బోను ఉంది. దాన్ని మాత్రం నా చేతికే ఇచ్చింది. "పొద్దుగాల పడ్డది. ఇయ్యాల చంపకు, పండుగ. రేపు సూడు."

రెండు మెట్లు దిగి మళ్లీ తిరిగింది. "పండుగ పూట దాన్ని ఉపాసం ఉంచకు. నీ పిల్లి దాణా ఉన్నది గదా, జర నాలుగు గింజలెయ్యి."

ఆ బోను ఆమె నెత్తిన వేసి కొట్టాలనిపించింది. పళ్లెం ఎత్తి మెట్ల మీద నుంచి విసరాలనిపించింది. ఆమె దిగిపోయేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఇల్లు ఆమెది, పిల్లి నాది. తలుపు వేసుకుని లోపలికి వచ్చి, స్పూను పెట్టి డబ్బా మూత లేపాను. ఇన్నాళ్లూ ఎలుక పన్ను తగలకుండా ఏ తిండిని కాపాడుకున్నానో ఆ తిండే గుప్పెడు తీసుకుని, బోను ముందు కూర్చుని, ఊచల మధ్య నుంచి ఒక్కొక్క గింజే లోపలికి వేశాను. ఎలుక భయపడలేదు. నా వేళ్ల దగ్గరికే వచ్చి తింది.